ఒంటిపోగు మొహేర్ స్వెటర్: చేతులు విడిగా అల్లి కుట్టుడు ఎందుకు?

పట్టుపోగు_హనుమకొండ
మాఘంల మా తమ్ముని పెళ్లి ఉంది. రిసెప్షన్ రాత్రిపూట, ఊరి బయట ఓపెన్ గార్డెన్‌ల. శాలువా కప్పుకుంటే చీర కనబడదు, కోటు వేసుకుంటే మనిషే కనబడదు. అందుకని పల్చగ, ఒంటికి అతికినట్టు ఉండే మొహేర్ స్వెటర్ మొదలుపెట్టిన, మొహేర్ అంటే నూగు నూగుగ ఉండే దారం. తల మీంచి తొడుక్కునేది, నడుం దాకనే. దారంల కిడ్ మొహేర్ 70 శాతం, పట్టు 30 శాతం. ఉండ 25 గ్రాములు, 210 మీటర్లు. ఒంటిపోగే, 4 మిల్లీమీటర్ల సూదులు.

ఇగ నా బాధేందంటే, పైసలు పెట్టి కొన్న ప్యాటర్న్‌ల వెనక, ముందు, రెండు చేతులు అన్నీ వేరు వేరుగ అల్లి తర్వాత కుట్టుమన్నరు. అవతలి మనిషి కనబడేంత పల్చటి దానికి మళ్ల కుట్లేంది? కుట్టిన కాడ తాడు పెట్టినట్టు మందంగ గీత కనబడదా? అదే చంక అంచు చుట్టు అల్లిక కుట్లు సూది మీదికి ఎత్తుకొని చెయ్యి కిందికి అల్లుకుంట పోతే సగం పని తప్పుతది కదా. వెనక ముక్క అయింది, ముందుది చంక దాక వచ్చింది. చేతులు ఎక్కించే ముందే తేల్చుకోవాలె.

కాజీపేట_ప్లాట్‌ఫారం
ఎత్తుకొని అల్లేయ్, ఆలోచించకు. రైల్వే క్వార్టర్స్‌లో మాకు అల్లిక నేర్పిన పంజాబీ ఆంటీ చెయ్యి విడిగా అల్లగా నేను చూడలేదు. పై నుంచి కిందికి అల్లితే మధ్యమధ్యలో తొడిగి చూసుకోవచ్చు, పొడుగు ఎక్కడ సరిపోతే అక్కడ ఆపేయొచ్చు. కుట్టడం అనే గోలే ఉండదు.

ఇటుక_తేలింది
గంత పల్చగుంటే గార్డెన్‌ల ఆ పెద్ద ఫ్యాన్ల ముంగట మాత్రం కూసోకు.

సీదా_ఉల్టా
ప్లాట్‌ఫారం గారి మాట మామూలు ఊలుకైతే నేనూ ఒప్పుకుంటాను. మొహేర్ సంగతి వేరు. ఊలు పోగుకి పుట్టుకతోనే వంకీలుంటాయి, లాగి వదిలితే దగ్గరికొస్తుంది. మొహేర్ పోగు నున్నన, వంకీలు తక్కువ. లాగితే వస్తుంది, వదిలితే అంతగా వెనక్కి పోదు. స్వెటర్ బరువు ఎంత తక్కువైనా అది వేలాడేది మెడ వెనకా, భుజాల మీదా, చంక చుట్టూనే. అక్కడ కుట్టు ఉంటే పట్టి ఆపుతుంది. లేకపోతే భుజం గీత మెల్లగా చేతి మీదికి జారుతుంది. వదులు స్వెటర్లో అది కనబడదు, ఒంటికి అతికినట్టుండాలి అన్నారు కాబట్టి మీకు కనబడుతుంది.

ఇంకో సంగతి అల్లేటప్పుడే తెలుస్తుంది. ఎత్తుకుని అల్లే చేతికి, చుట్టు తిరిగినప్పుడల్లా మొత్తం స్వెటర్ ఒళ్లో తిరగాలి. ఆ రాపిడికి నూగు ఒకదాంట్లో ఒకటి చిక్కుకుని, అల్లడం పూర్తయ్యేసరికే పాతదానిలా అవుతుంది. విడిగా అల్లితే ఒళ్లో ఉండేది ఒక్క చెయ్యే.

అన్నిటికీ మించి, మొహేర్ విప్పడం మహా కష్టం. విడి చెయ్యి తేడా వస్తే దాన్ని పక్కన పడేసి కొత్త ఉండతో ఇంకోటి మొదలుపెట్టొచ్చు. ఒంటికి అంటుకున్న చెయ్యిని పక్కన పడేయలేం.

కాజీపేట_ప్లాట్‌ఫారం
చెయ్యి అంటుకుని ఉన్నా భుజాల దగ్గర కుట్టు ఉంటుంది కదండీ. వెనక ముక్కా ముందు ముక్కా భుజం దగ్గర కలిపాకే కదా ఎత్తుకునేది. ఆ బలం చాలదా? పైగా అర వరుసలతో చెయ్యి తలని, అంటే చంక నుంచి భుజం దాకా ఉండే పై భాగాన్ని, గుండ్రంగా తిప్పొచ్చు, అచ్చం కుట్టినట్టే కూర్చుంటుంది.

సీదా_ఉల్టా
అర వరుసలు ఊలులో అందంగా వస్తాయి. ఒంటిపోగు మొహేర్‌లో వెనక్కి తిరిగిన ప్రతి చోటా చిన్న సందు పడుతుంది. నూగు సర్దుకుంటే కప్పేస్తుందని కొందరు అంటారు. చీకట్లో కప్పుతుంది, రిసెప్షన్ లైట్ల కింద కప్పదు.

మూడో_వరుస
అర వరుస అంటే ఏందక్కా?

కాజీపేట_ప్లాట్‌ఫారం
వరుస చివరిదాకా పోకుండా మధ్యలో తిరిగి వెనక్కి రావడం. మేజోడు మడమ అట్లనే కదా వచ్చేది.

గొంగడి_మనవడు
జర ఇది చెప్పుండ్రి, ఈ మొహేర్ ఏ గొర్రెది? మా ఇంట్ల తరతరాలుగ గొంగళ్లే. దక్కనీ గొర్రె బొచ్చు తీసుడు, ఏకుడు, వడుకుడు, నేసుడు, ఆఖరుకు చింతగింజల గంజి పెట్టుడు, అన్నీ చూసినోన్ని. ఈ పేరు మాత్రం ఎన్నడు ఇనలే.

సీదా_ఉల్టా
గొర్రె కాదు, మేక. అంగోరా మేక. పుట్టిల్లు టర్కీలో అంకారా చుట్టుపక్కల. ఇప్పుడు ఎక్కువగా వచ్చేది దక్షిణాఫ్రికా నుంచి. ఏడాదికి రెండుసార్లు బొచ్చు తీస్తారు. మేక పిల్లగా ఉన్నప్పుడు తీసింది సన్నగా, మెత్తగా ఉంటుంది, కిడ్ మొహేర్ అనేది దాన్నే. వయసు పెరిగినకొద్దీ పోగు లావవుతుంది. అది ఒంటికి పనికిరాదు, గుచ్చుతుంది.

గొంగడి_మనవడు
మా మేకలు ఇనేటట్టు చెప్పకుండ్రి, రేటు పెంచుతయ్.

నిర్మల్_రంగులు
చేతుల కంటే ముందు ఒక మాట అడగాలి. ఒంటికి అతికినట్టు అన్నావు, చుట్టుకొలత ఎంత తగ్గించావు? ఊలు స్వెటర్‌కి ఛాతీ కొలత కంటే 5 సెంటీమీటర్లు తక్కువ పెట్టేవాళ్లున్నారు. ఒంటిపోగు మొహేర్‌కి అంత తగ్గిస్తే కుట్లు సాగి జాలీలాగ కనబడతాయి, ముఖ్యంగా ఛాతీ మీద. నా లేత గులాబీది అలాగే ఉంది, లోపల వేసుకున్నదాని రంగు నడుం దగ్గర ఒక తీరు, ఛాతీ దగ్గర ఇంకో తీరు.

పట్టుపోగు_హనుమకొండ
బ్లౌజ్ మీంచి కొలిస్తే ఛాతీ 88. ప్యాటర్న్ ప్రకారం 86 వస్తది, అంటే ముక్క 43. వెనక ముక్కకు 96 కుట్లు ఎక్కించిన.

నిర్మల్_రంగులు
రెండు తక్కువంటే ఫరవాలేదు. నేనైతే 88కి 88 పెట్టి నడుం దగ్గర మాత్రం లోపలికి తీస్తా. బిగువు కనబడాల్సింది నడుం దగ్గర, ఛాతీ దగ్గర కాదు.

సీదా_ఉల్టా
నిర్మల్ గారితో సగం ఏకీభవిస్తాను. 86 సరిగ్గా ఉంది. తేడా లేకుండా 88 పెడితే రెండు ఉతుకుల తర్వాత వదులవుతుంది. అయినా వెనక ముక్క పూర్తయింది కదా, వాదన ఎందుకు? దాన్నే తడిపి ఆరేసి కొలవండి. అరచేతి వెడల్పు నమూనా ముక్క కంటే పూర్తయిన వెనక ముక్క నిజం చెబుతుంది. చల్లటి నీళ్లలో కొంచెం షాంపూ వేసి పావుగంట నానబెట్టండి. పిండొద్దు. టవల్లో చుట్టి ఒత్తండి. పరుపు మీద ఇంకో పొడి టవల్ పరిచి, నీడలో పరిచి ఆరబెట్టండి. దండెం మీద వేస్తే మోకాళ్ల దాకా వస్తుంది, చెబుతున్నా.

ఇటుక_తేలింది
మోకాళ్ల దాక వస్తే మంచిదే, ఫ్రాక్ అయితది.

మగ్గం_కత్తెర
నేను లేడీస్ టైలర్‌ని, అల్లికలు రావు. కుట్టుడు సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్న. బ్లౌజ్‌కు చేతులు విడిగనే కత్తిరిస్తం, విడిగనే కుడ్తం, ఎందుకంటే చంక గుండ్రం ముందల ఒక తీరు, వెనక ఒక తీరు. ముందల లోతు ఎక్కువ. చెయ్యి తల కూడ అట్లనే, ముందల భాగం కొంచెం లోపటికి తీస్తం. అట్ల చెయ్యకుంటే చెయ్యి ముందలికి చాపంగనే వెనక పట్టేస్తది, ముందల ముడతలు పడ్తయ్. మీ ప్యాటర్న్‌ల ముందు చంక, వెనక చంక వేరు వేరుగ ఉన్నయా?

పట్టుపోగు_హనుమకొండ
లేవన్నా. రెండూ ఒకటే. పక్కకు 5 కుట్లు మూసేసి, తర్వాత వరుస విడిచి వరుస ఒక్కో కుట్టు, ఆరుసార్లు తగ్గించమన్నరు.

సీదా_ఉల్టా
కత్తెర గారి మాట బట్టకి నూటికి నూరుపాళ్లు నిజం. అల్లిక అన్ని వైపులా సాగుతుంది కాబట్టి ఆ తేడాని తనే మింగేస్తుంది. అందుకే చాలా ప్యాటర్న్‌లలో రెండు వైపులా ఒకే చంక ఉంటుంది. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి అనే తేడా కూడా ఉండదు, ఏది ఏ పక్క కుట్టినా ఒకటే.

మగ్గం_కత్తెర
ఏదైనా ఒకటేనా! మా షాపుల పిల్లలు ఇంటే అందరు అల్లికలకే పోతరు.

ఇంకోటి అడగాలె చెల్లె. పైట లోపలా, బయటా?

పట్టుపోగు_హనుమకొండ
బయటనే అన్నా. బ్లౌజ్ మీద స్వెటర్, దాని మీంచి పైట.

మగ్గం_కత్తెర
అయితే పిన్ను ఎక్కడ పెడ్తవ్? బరువైన పట్టుచీర కుచ్చిళ్లు భుజం మీద పిన్ను మీదనే ఉంటయ్. గంత పల్చటి దానికి పిన్ను గుచ్చినవంటే రాత్రి ముగిసేసరికి వేలు పట్టే బొక్క పడ్తది.

నిర్మల్_రంగులు
అబ్బా, ఇది ఎవ్వరం ఆలోచించలేదు.

సీదా_ఉల్టా
కత్తెర గారూ, ఈ చర్చలో పనికొచ్చే ప్రశ్న మీరే వేశారు. పట్టుపోగూ, విను. ఎడమ భుజం కుట్టు వెంబడి లోపలి వైపు, మెడ నుంచి చెయ్యి కుట్టు దాకా, సన్నటి నూలు టేపు ఒకటి పెట్టి సన్న కుట్లతో కుట్టెయ్. పెట్టికోట్ నాడా లాంటిది కాదు, ఒక సెంటీమీటరు వెడల్పుది చాలు. పిన్ను స్వెటర్ కుట్ల సందులోంచి దూరి ఆ టేపుని, కింద బ్లౌజ్‌ని పట్టుకోవాలి. బరువు టేపు మీద, బ్లౌజ్ మీద పడుతుంది, మొహేర్ మీద పడదు. టేపు ఒక చివర మెడ అంచుకి, ఇంకో చివర చెయ్యి కుట్టుకి బిగించాలి. చెయ్యి కుట్టే లేకపోతే ఆ చివర దేనికి బిగిస్తావు?

కాజీపేట_ప్లాట్‌ఫారం
సరే సరే, ఈ ఒక్క స్వెటర్‌కి ఒప్పుకుంటున్నా. చుడీదార్ మీదికైతే నేను ఎత్తుకునే అల్లుతా.

సీదా_ఉల్టా
అల్లుకోండి, ఎవరు కాదన్నారు.

కొత్తవాడ_పడుగు
మాది జంపఖానాల మగ్గాల ఇల్లు, నూలు తప్ప ఊలు పని లేదు. అయినా పట్టుపోగు మొదలు అడిగిన గీత గురించి ఒకటి చెప్తా. కుట్టు మందంగ కనబడేది కుట్టే దారం వల్ల, అంచు మడత వల్ల. స్వెటర్ దారంతోనే కుడితే నూగు ప్రతి రంధ్రంల తట్టుకుంటది, సగం లాగినంక కదలదు. మహదేవ్‌పూర్ వైపు టస్సర్ నేసేటోళ్ల కాడ సన్నటి పట్టు పోగు దొరుకుతది, లేదంటే మగ్గం వర్కు సామాన్లు అమ్మే దుకాణంల అదే రంగు పట్టు దారం తీసుకో. నున్నగ జారుతది, కనబడదు.

నిర్మల్_రంగులు
పట్టు దారం సాగదు. స్వెటర్ సాగి, దారం సాగకపోతే ఏదో ఒకటి తెగుతుంది. తెగేది మొహేరే.

కొత్తవాడ_పడుగు
బిగించి కుడితే తెగుతది. వదులుగ కుట్టాలె. జానెడు కుట్టినంక రెండు దిక్కుల పట్టి మెల్లగ లాగాలె, దారం ముడుచుకున్నది విచ్చుకుంటది. ఆ తర్వాతే ముందుకు పోవాలె. దారం కూడ మూరెడు ముక్కలే తీసుకోవాలె. బారెడు పెట్టుకుంటే లాగి లాగి సగంల నూగుబడ్తది.

సీదా_ఉల్టా
మూరెడు ముక్కలు, వదులుగా కుట్టడం, రెండూ సరైన మాటలు. మడత గురించి నేను కలుపుతాను. మామూలుగా రెండు ముక్కల మంచివైపు పైకి పెట్టి, అంచు నుంచి మొదటి కుట్టు మొత్తం లోపలికి పోయేటట్టు, ఆ పక్కనున్న అడ్డపోగు కింద సూది దూర్చి ఒకసారి ఇటు, ఒకసారి అటు కుడతాం. అంటే ఇటొక కుట్టు, అటొక కుట్టు లోపల చేరి గీత లావవుతుంది. మొహేర్‌కి అంచు కుట్టులో సగమే పట్టుకోండి. అప్పుడు లోపలికి పోయేది రెండు వైపులా కలిపి ఒకే కుట్టు. వేలితో తడిమితే తెలుస్తుంది కానీ, చూస్తే నూగులో కలిసిపోతుంది. సూది మొన మొద్దుగా ఉండాలి, పదును సూది పోగుని చీలుస్తుంది.

ఆసిఫాబాద్_చలి
మీ ఓరుగల్లు చలికి ఒంటిపోగు చాలు. సంక్రాంతికి మా దిక్కు రాండ్రి, దాని మీద గొంగడి, గొంగడి మీద కుంపటి కావాలె.

గొంగడి_మనవడు
ఆర్డర్ పెట్టు అన్నా, పంపిస్త.

మూడో_వరుస
విప్పుడు నరకం అన్నరు కదా, నిజంగనే అసలు విప్పరాదా?

నిర్మల్_రంగులు
వస్తుంది, ఓపికుంటే. ముక్కని జిప్ కవర్లో పెట్టి కొన్ని గంటలు ఫ్రీజర్లో ఉంచు. నూగు గట్టిపడి ఒకదాన్నొకటి కొంచెం వదులుతుంది. బయటికి తీసి, కుట్టు కుట్టుకీ లాగకుండా, పట్టుకున్న చోట చిన్న కత్తెరతో నూగు మాత్రం తెంపుతూ విప్పాలి. మధ్యలో మెత్తబడితే మళ్లీ ఫ్రీజర్లో పెట్టాలి. మా అత్తమ్మ ఒకసారి పచ్చిబఠానీ కోసం వెతుకుతూ దాన్ని పట్టుకుని కెవ్వుమంది, ఎలుక అనుకుంది.

ఇటుక_తేలింది
😂 ఫ్రిజ్‌ల అంగోరా మేక.

కాజీపేట_ప్లాట్‌ఫారం
ఫ్రీజర్ దాకా పోకుండా లైఫ్‌లైన్ దారం వేసుకోండి. ఇరవై వరుసలకోసారి, సూది మీదున్న కుట్లన్నిట్లోంచి ఇంకో దారం దూర్చి వదిలేయడం. తేడా వస్తే సూది తీసేసి అక్కడిదాకా విప్పితే చాలు, అక్కడే ఆగుతుంది. నేను పూల దారం వాడతా, ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది.

కొత్తవాడ_పడుగు
పూల దారం వద్దు. దానికి కూడ నూగుంటది, మొహేర్‌ల పడి రెండు ఒకటైతయ్. మిషన్‌ల వాడే పాలిస్టర్ దారం వెయ్యి, రంగు వేరుది. జారిపోతది.

పట్టుపోగు_హనుమకొండ
వెనక ముక్క ఉతికి ఆరబెట్టిన. వెడల్పు 43 అట్లనే ఉంది. చంక లోతు మాత్రం 17 ఉన్నది 18 అయింది. కుట్లు లెక్కపెడితే 10 సెంటీమీటర్లకు 22, వరుసలు 30. వరుసలు లెక్కపెట్టుడు మాత్రం నావల్ల కాలే, నూగుల ఏం కనబడ్తలేదు. ఆఖరికి కిటికీకి అడ్డం పెట్టి, వెనక నుంచి ఎండ పడుతుంటే లెక్కపెట్టిన.

సీదా అక్కా, చేతులు విడిగనే అల్లుత. లెక్క జర చూడరా? బ్లౌజ్ మీంచి జబ్బ కొలత 29, మణికట్టు 17, చంక నుంచి మణికట్టు దాక 43. బ్లౌజ్ చేతులు మోచేతి పైదాకనే.

సీదా_ఉల్టా
వెడల్పు నిలిచి పొడుగు పెరిగింది. మొహేర్ చేసే పని అదే. ఇక నుంచి అన్నీ ఉతికిన కొలతలతోనే లెక్క.

జబ్బ దగ్గర చెయ్యి వెడల్పు 30 పెట్టు. ఒంటిని బిగించినా జబ్బని బిగించకూడదు, చెయ్యి ఎత్తినప్పుడల్లా చంక లాగుతుంది. 30కి 66 కుట్లు, అంచులకి రెండు, మొత్తం 68. మణికట్టుకి 18 చాలు, అంటే 40, అంచులకి రెండు, 42 ఎక్కించు. మొదటి 15 వరుసలు ఒక కుట్టు సీదా, ఒక కుట్టు ఉల్టా బార్డర్. ఆ బార్డర్‌కి మాత్రం మొహేర్‌తో పాటు అదే రంగు సన్న ఊలు పోగు ఒకటి జతచెయ్యి. ఒట్టి మొహేర్ బార్డర్ సాగి గంటలాగా విచ్చుకుంటుంది. తర్వాత ఎనిమిది వరుసలకోసారి రెండు పక్కలా ఒక్కో కుట్టు పెంచు. పదమూడుసార్లు పెంచితే 68 వస్తాయి. ఆ తర్వాత పది వరుసలు అలాగే అల్లితే మొత్తం 129 వరుసలు, నీ 43 సెంటీమీటర్లు.

ఇక చెయ్యి తల. చంక లోతులో మూడింట రెండు వంతులు ఎత్తు పెట్టడం వాడుక. 18కి 12, అంటే 36 వరుసలు. ముందు రెండు వరుసల మొదట్లో 5 కుట్ల చొప్పున మూసెయ్, ఒంటికి మూసినన్నే. 58 మిగులుతాయి. తర్వాత 30 వరుసలు, వరుస విడిచి వరుస రెండు పక్కలా ఒక్కోటి తగ్గించు, 28 అవుతాయి. ఆఖరి నాలుగు వరుసల మొదట్లో మూడేసి మూసెయ్. మిగిలిన 16 ఒకేసారి, వదులుగా మూసెయ్.

మగ్గం_కత్తెర
మేడం, చెయ్యి తల చుట్టుకొలత, చంక చుట్టుకొలత కలుస్తున్నయా? మేం చెయ్యిని చంక కంటే కొంచెం ఎక్కువ పెడ్తం.

సీదా_ఉల్టా
కలుస్తున్నాయి. కాగితం మీద గీసి చూశాను. ఒక పక్కకి చంక 21 సెంటీమీటర్లు వస్తుంది, చెయ్యి తల కూడా 21. బట్టకి మీరు పెట్టే ఆ ఎక్కువ ఇక్కడ అక్కర్లేదు. పెడితే భుజం మీద బుడగలా లేస్తుంది, పల్చటి దానికి దాచుకోవడానికి చోటు లేదు.

మగ్గం_కత్తెర
లెక్క మస్తుగుంది.

నిర్మల్_రంగులు
రెండు చేతులూ ఒకే పొడుగు సూది మీద, రెండు ఉండలతో, పక్కపక్కన ఒకేసారి అల్లు. నూగులో వరుసలు కనబడవని నువ్వే అన్నావు కదా, అలా అల్లితే లెక్క తప్పినా రెండూ ఒకేలా తప్పుతాయి. ఉండలు రెండూ వేరు వేరు గిన్నెల్లో పెట్టుకో, లేకపోతే అవి రెండూ ఒకదాన్నొకటి కౌగిలించుకుంటాయి.

పట్టుపోగు_హనుమకొండ
ఉండలు ఆరు కొన్న. వెనకకు, ముందుకు కలిపి రెండున్నర పోతయేమో. చేతులకు సరిపోతయ్ కదా?

నిర్మల్_రంగులు
ఒకటి మిగులుతుంది. మొత్తం నాలుగున్నర, ఐదు లోపే. బొట్టు బిళ్లంత ముక్క కూడా పారేయకు, తర్వాత చిల్లు పడితే అదే దిక్కు.

కాజీపేట_ప్లాట్‌ఫారం
కుట్టేటప్పుడు చంక నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరిగి రాకు. చెయ్యి తల నడిమధ్య భుజం కుట్టుకి ఆనించి గుర్తు పెట్టు, చంకలో మూసిన కుట్లు చంకలో మూసినవాటికి ఆనించు. ఆ తర్వాత భుజం నుంచి ఒక పక్కకి, మళ్లీ భుజం నుంచి ఇంకో పక్కకి. అప్పుడే సమానంగా సర్దుకుంటుంది. విడిచేతుల పార్టీ కాకపోయినా ఈ మాత్రం తెలుసు నాకు.

సీదా_ఉల్టా
ఇప్పుడు పార్టీలోకి వచ్చేశారు.

మగ్గం_కత్తెర
చెల్లె, ఇంకో ముచ్చట. బ్లౌజ్ మీద పని ఉందా? జర్దోసి, పూసలు, కుందన్లు ఉంటే ఆ నూగు మొత్తం పట్టుకుంటయ్. ఒక్కసారి తొడిగి తీస్తే చాలు.

పట్టుపోగు_హనుమకొండ
ఉంది 😭 వెనక మెడ చుట్టు, చేతులకు కూడ. ఇప్పటికే ఇచ్చిన.

మగ్గం_కత్తెర
ఎవలకిచ్చినవో వాళ్లనడుగు, చేతుల పని అంచు బార్డర్‌కు మాత్రమే ఉంచి మిగిలింది ఆపమను. వెనక మెడ కాడ సమస్య లేదు, స్వెటర్ మెడ దానికంటే పెద్దగ ఉంటె. పని మొదలుపెట్టకముందే చెప్పాలె, మొదలుపెట్టినంక ఎవ్వరు ఒప్పుకోరు, నేను కూడ ఒప్పుకోను.

నిర్మల్_రంగులు
గాజులు కూడా. రాళ్ల గాజులు వేస్తే బార్డర్ అయిపోయినట్టే. నల్లపూసలు స్వెటర్ మీదికి తీయి, లోపల ఉంచకు. చేతులు మణికట్టు దాకా వద్దు, మోచేతి కింద నాలుగు వేళ్ల దాకా అల్లి ఆపితే గాజుల గొడవే ఉండదు.

పట్టుపోగు_హనుమకొండ
అమ్మ కూడ అదే అన్నది, పొడుగు చేతులైతే గాజులు కనబడయని. అయితే సీదా అక్కా, కింద ఎన్ని ఎక్కించాలె?

సీదా_ఉల్టా
ఆ చోట చెయ్యి చుట్టుకొలత చెప్పు.

పట్టుపోగు_హనుమకొండ
24.

సీదా_ఉల్టా
25 పెట్టు. 55 కుట్లు, అంచులకి రెండు, 57. సరి సంఖ్య కోసం 58. పెంచాల్సింది పదే, అంటే ఐదుసార్లు. పొడుగు కొలిచి వరుసలు ఐదుతో పంచుకో. తల లెక్క మారదు.

ఇటుక_తేలింది
పొడుగు తగ్గింది, దారం మిగిలింది. గొంగడి మనవడికి మఫ్లర్ అల్లుండ్రి.

గొంగడి_మనవడు
గులాబీ రంగైతే వద్దు.

ఆసిఫాబాద్_చలి
తల మీంచి తొడుక్కునేది అన్నరు. జడ, పూలు పెట్టినంక ఎట్ల తొడుగుతరు?

నిర్మల్_రంగులు
స్వెటర్ ముందు, జడ తర్వాత. బ్యూటీషియన్‌కి ముందే చెప్పాలి. హెయిర్‌స్ప్రే కొట్టేటప్పుడు భుజాల మీద టవల్ కప్పించుకో, అది పడితే నూగు అట్టకడుతుంది.

మూడో_వరుస
నాకు కూడ గిట్లాంటిదే అల్లాలని ఉంది. జేపీఎన్ రోడ్డుల మొహేర్ అని ఇచ్చిండ్రు, రేటు మస్తు తక్కువ. అది అసలుదేనా ఎట్ల తెలుస్తది?

కొత్తవాడ_పడుగు
లేబుల్ చూడు ముందు. నూగు దారానికి మొహేర్ అని పేరు పెట్టి అమ్ముతరు, లోపల యాక్రిలిక్ ఉంటది. లేబుల్ లేకుంటే వేలెడు ముక్క కోసి, పట్టకారుతో పట్టి, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకొని కాల్చు. వెంట్రుక కాలిన వాసనొచ్చి, నలిపితే బూడిదైతే జంతువు బొచ్చు. కరిగి, నల్లటి గట్టి పూసలెక్క మిగిలితే యాక్రిలిక్.

మూడో_వరుస
పూసనే వచ్చింది.

కాజీపేట_ప్లాట్‌ఫారం
ఫరవాలేదు, నేర్చుకోవడానికి అదే మంచిది. ఉతకడం కూడా సులువు. దాంతో ఒకటి అల్లి చేతులు కుట్టడం అలవాటైనాక అసలుది కొను.

మూడో_వరుస
ఇదే లెక్క దానికి పనిచేస్తదా అక్కా? నాది కూడ జబ్బ 29.

సీదా_ఉల్టా
పద్ధతి పనిచేస్తుంది, అంకెలు పనిచేయవు. నీ దారంతో ముక్క అల్లి, ఉతికి, 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లో చెప్పు.

మూడో_వరుస
ఉతికినంక 17.

సీదా_ఉల్టా
అయితే 30కి 51, అంచులకి రెండు, 53. నువ్వు 54 పెట్టుకో. వరుసలు ఎన్నొచ్చాయి?

మూడో_వరుస
లెక్కపెట్టి చెప్త. ఇప్పుడు పొద్దుగూకింది, కిటికీల ఎండ లేదు.

ఇటుక_తేలింది
ఫోన్ టార్చ్ ఉంటది కదనే.

మూడో_వరుస
24.

సీదా_ఉల్టా
చంక లోతు కూడా కొలిచి పెట్టు, తల లెక్క రేపు చూద్దాం.